ఏడు తాబేళ్ల కేసు

రాయదుర్గం మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే మా ఆఫీసు. తొమ్మిదో అంతస్తు. అక్కడ నేను జంతువుల ఫొటోలు చూస్తాను. ఏం ఉద్యోగమని అడిగినవాళ్లకి ఈ మాట చెప్తే నవ్వుతారు. మా అమ్మ అయితే చుట్టాలకి "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పించుకుంటుంది.

మాది అనంతపురం జిల్లా. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఆరేళ్లు పాఠాలు చెప్పాను. చెప్పిందే చెప్పి విసుగెత్తి, ముప్పై దాటాక హైదరాబాద్ వచ్చాను. దేశం మొత్తానికీ వన్యప్రాణుల పటం తయారుచేసే కంపెనీ ఒకటుందనీ, జువాలజీ చదివినవాళ్లు కావాలంటున్నారనీ తెలిసినప్పుడు, నా చదువుకి కూడా ఒక పని దొరికిందని ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పని ఇలా ఉంటుంది. అడవుల్లో, గడ్డి మైదానాల్లో, బీళ్లలో చెట్లకీ రాళ్లకీ కెమెరాలు కట్టి వస్తారు. ఎదురుగా ఏది కదిలినా అవి వాటంతటవే ఫొటో తీస్తాయి. అస్సాం నుంచి, కచ్ నుంచి, పడమటి కనుమల నుంచి, మన నల్లమల నుంచి ఆ ఫొటోలన్నీ మా బల్లల మీదికి వస్తాయి. ఒక్కొక్కటీ తెరిచి, ఉన్నది దుప్పా, ఎలుగుబంటా, పునుగుపిల్లా అని గుర్తించి, ఎన్ని ఉన్నాయో రాసి, తర్వాతిదానికి పోవాలి. చాలా ఫొటోల్లో గాలికి ఊగిన గడ్డి తప్ప ఏమీ ఉండదు. అయినా ఉన్నట్టుండి ఒకదాంట్లో పులి సరిగ్గా కెమెరాలోకి చూస్తూ నిలబడి ఉంటే, ఏసీ గదిలో కూర్చున్నదాన్ని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేదాన్ని.

ఇవన్నీ కలిపి దేశపటాన్ని చిన్న చిన్న గడులుగా చేసి రంగులు వేసేవాళ్లం. జంతువులు బాగా ఉన్న గడికి ముదురు ఆకుపచ్చ. కొద్దిగా ఉంటే లేత ఆకుపచ్చ. వెతికినా పెద్దగా ఏమీ దొరకని చోటికి లేత పసుపు. అసలు ఎవరూ వెళ్లి చూడని చోటికి బూడిద రంగు. ఎక్కడైనా రోడ్డో గనో ఆనకట్టో వచ్చేటప్పుడు, ముందుగా ఈ పటం తెరిచి చూస్తారని మాకు చెప్పారు. ఆకుపచ్చ గడి మీద చెయ్యి వేసేముందు ఒకసారి ఆలోచిస్తారని.

నేను చేరిన రెండో ఏడు, పటం మొదటిసారి బయటికి ఇవ్వబోతున్న వారం, మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. భీమవరం వైపు మనిషి. గొంతెత్తి ఎవరినీ ఒక మాట అనడు. పటం తెర మీద పరిచి ఉంది. అక్కడక్కడా ఆకుపచ్చ, మిగతాదంతా బూడిద.

"చూడండి, ఇంత బూడిద రంగు కనిపిస్తే క్లయింటు ఏమంటాడండీ? ఇన్నాళ్లూ ఏం చేశారంటాడు. రికార్డు లేదంటే ప్రస్తుతానికి ప్రాముఖ్యం తక్కువ అనే కదండీ. వాటిని లేత పసుపులో కలిపేయండి. డేటా వచ్చేకొద్దీ మార్చుకుందాం."

"సార్, చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు కదా" అన్నాను.

"తెలుసండీ. కింద చిన్న అక్షరాల్లో రాద్దాం."

అంతకుమించి నేను వాదించలేదు. నా సీటుకి వచ్చి, సెట్టింగుల్లో ఒకచోట మార్చాను. టీ చల్లారేలోపు దేశంలోని బూడిద రంగంతా లేత పసుపు అయిపోయింది. చూడ్డానికి బాగుంది కూడా. చిన్న అక్షరాల వాక్యం నేనే రాశాను. అందరికీ ఇచ్చిన చివరి కాపీలో అది లేదు. ఎవరు తీసేశారని నేను అడగలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి, మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆమె నా వెనక ఆగింది. నలభై ఐదేళ్లుంటాయి. నారాయణపేట దిక్కు నుంచి భర్తతో కలిసి వచ్చింది. అప్పటిదాకా మా మధ్య చెత్తబుట్ట గురించి తప్ప మాటలు లేవు. నా తెర మీద గుజరాత్ నుంచి వచ్చిన ఫొటో ఉంది. నక్షత్ర తాబేలు, నల్లటి డిప్ప మీద పసుపు చుక్కల గీతలు.

"మేడం, గివి మా ఆయన కాపలా ఉండే జాగల గూడ ఉన్నయి" అంది.

"ఎక్కడ?"

కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూపించింది. మా భవనం వెనక, కొండాపూర్ వైపు, చుట్టూ నీలం రేకులు కట్టిన స్థలం. రోజూ టీ తాగుతూ చూసేదాన్నే. పెద్ద పెద్ద గుండ్లు, సీతాఫలం పొదలు, తుమ్మలు, నడుమ చిన్న కుంట. నాలుగు వైపులా టవర్లు లేచినా అదొక్కటే ఎందుకో మిగిలిపోయింది. నేను వెంటనే పటంలో ఆ గడి తెరిచి చూశాను. లేత పసుపు. ఒక్క రికార్డు లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ఆమె భర్త గేటు దగ్గర యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి, సన్నగా, చేతిలో తుమ్మకర్ర. చిన్నప్పటి నుంచి ఊళ్లో గొర్లు కాశాడట. వానలు సరిగ్గా పడని ఏడు గొర్లమ్మేసి పట్నం వచ్చి సెక్యూరిటీలో చేరాడు.

"నా ఎనక రా అమ్మా. నేను అడుగేసిన కాడనే అడుగెయ్యి. పాములున్నయి" అన్నాడు.

అరగంటలో నాకు నెమళ్లు, ఉడుము, ముంగిస, గుడ్ల మీద కూర్చున్న తీతువు పిట్ట చూపించాడు. తీతువు మమ్మల్ని చూసి అరిచి గోల చేస్తుంటే, "జర ఆగవే, పోతున్నం" అని దానికి సర్దిచెప్పాడు. చివరికి నాగజెముడు పొద దగ్గర గొంతుక్కూర్చుని కర్రతో ఆకులు పక్కకి జరిపాడు. మూడు తాబేళ్లు. ఒకదాని డిప్ప అంచు విరిగి ఉంది.

"ఇది బోరు బండి టైరు కింద పడ్డది. అయినా బతికింది. మొత్తం ఏడున్నయి. పెద్దయి నాలుగు, చిన్నయి మూడు."

"ఏడే అని ఎట్లా తెలుసన్నా?"

"ఎన్నేండ్లు గొర్లు కాసిన. దినాం లెక్క చూసుకోకుంటె నాకు కడుపుల ముద్ద దిగదు."

ఆ మాట అంటూ నవ్వాడు. మా పటం మీద పనిచేసే ఎవరి లెక్కకంటే ఆయన లెక్క నికరంగా ఉంది. ఆ తర్వాత వరసగా ఆరేడు ఆదివారాలు వెళ్లాను. ఆయన చూపించేవాడు, నేను ఫొటోలు తీసేదాన్ని. ఆయన భార్య ఇద్దరికీ చాయ్ పోసేది. గేటు పక్కన వాళ్లుండే రేకుల గది బయట రాయి మీద కూర్చుని, ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, కుంటలో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో ఆయన చెప్తుంటే రాసుకునేదాన్ని. పెళ్లి చేసుకోలేదని తెలిసి ఆమె నన్ను కోప్పడేది. హైదరాబాద్ వచ్చాక ఒక ఇంటికి మనిషిలా వెళ్లింది నేను అక్కడికే.

తీసిన ఫొటోలన్నీ స్థలం వివరాలతో మా సిస్టంలో ఎక్కించాను. కానీ నేను ఎక్కించిన రికార్డుని నేను సరే అనకూడదు. ఇంకో నిపుణుడు చూసి ఒప్పుకోవాలి. అప్పటిదాకా పటంలో రంగు మారదు. ఆ వరసలో నా రికార్డుల ముందు దేశమంతటి నుంచీ వచ్చినవి గుట్టలుగా ఉన్నాయి. మేనేజర్‌ని అడిగాను, వీటిని కాస్త ముందుకు తీసుకోమని.

"మన ఆఫీసు వెనక స్థలాన్ని మనమే ముందుకు తోసుకుంటే బాగుంటుందా అండీ? రేపెవరైనా అడిగితే ఏం చెప్తాం? వరసలో రానివ్వండి" అన్నాడు. తప్పుగా ఏమీ అనలేదు. నియమం అదే. నేనూ ఇంకొకరికి అదే చెప్పేదాన్ని.

ఒక సోమవారం పదకొండు గంటలకి కాపలా ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మిషిన్లు వచ్చినయి. మూడు ప్రొక్లెయిన్లు. గేటు తీయమంటే తీసిన. నేనేం జేస్త?"

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. పసుపు యంత్రాలు తూర్పు మూల నుంచి పొదల్ని పెకలించుకుంటూ వస్తున్నాయి. తొమ్మిదో అంతస్తులో చప్పుడు వినిపించదు. నెమళ్లు గుండ్ల మీదికెక్కి నిలబడ్డాయి. ఫోన్‌లో మాత్రం ఆయన గొంతు వెనక ఆ చప్పుడంతా ఉంది.

"తాబేళ్ల సంగతేందమ్మా? అవి ఉరకలేవు గద" అన్నాడు.

నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఏరి గదిలో పెట్టన్నా. ఒక్క రెండు రోజులు. నేను అధికారులతో మాట్లాడి వాళ్లకి అప్పగించే ఏర్పాటు చేస్తా" అన్నాను.

నక్షత్ర తాబేలుని ఇంట్లో ఉంచుకోవడం నేరమని నాకు తెలుసు. పులికి ఎంత రక్షణ ఉందో చట్టంలో దీనికీ అంతే ఉంది. కాలేజీలో పిల్లలకి చెప్పినదాన్ని నేనే. ఆయనకి మాత్రం ఆ ముక్క చెప్పలేదు. చెప్తే భయపడి ముట్టుకోడేమో అనుకున్నాను. రెండు రోజులే కదా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అటవీ అధికారులకి ఫోన్ చేశాను. ఎత్తినాయన శ్రద్ధగానే విన్నాడు. స్థలం వివరాలతో ఒక దరఖాస్తు రాసి పంపమన్నాడు, మనుషుల్ని పంపుతామన్నాడు. సరేనన్నాను. ఆ వారమంతా పటం రెండో విడత సమీక్ష. ఉదయం తొమ్మిదికి వెళ్తే రాత్రి అయ్యేది ఇంటికొచ్చేసరికి. దరఖాస్తు సగం రాసి వదిలేశాను. అందులో నా పేరు వెయ్యాలా, కంపెనీ పేరు వెయ్యాలా తేల్చుకోలేకపోయాను. మంగళవారం పోయింది, బుధవారం పోయింది. ఆయన రోజూ ఒకసారి ఫోన్ చేసేవాడు. నాగజెముడు ముక్కలు కోసి వేస్తున్నానని, టమాటా తింటున్నాయని, బట్టలుతికే టబ్బులో పెట్టానని, పిల్లలకంటే ఎక్కువ చూసుకుంటున్నానని చెప్పేవాడు. శుక్రవారం మాత్రం కొంచెం పరేషాన్‌గా మాట్లాడాడు.

"ఎవరో కారుల వచ్చిండమ్మా. ఇంట్ల ఉంచుకుంటె కలిసొస్తదంట, అమ్ముతవా అని అడిగిండు. నావి కావు, అమ్మను అని చెప్పిన. జర జల్ది చూడు."

"సోమవారం తప్పకుండా అన్నా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం గదిలో బట్టలు మడతపెడుతుంటే మా ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. మేనేజర్ ఒక వార్త పంపాడు. ఐటీ కారిడార్‌లో నక్షత్ర తాబేళ్ల అక్రమ నిల్వ, ఒకరి అరెస్టు. కింద అప్పటికే చప్పట్ల బొమ్మలు పడుతున్నాయి. మంచి పని, ఇలాంటి వాళ్లని వదలకూడదు, అని ఒకరు రాశారు. నేను కూడా బొటనవేలి గుర్తు పెట్టాను. అలవాటుగా, చదవకుండా. ఆ తర్వాత ఫొటో తెరిచాను.

బల్ల మీద ఏడు తాబేళ్లు వరసగా పెట్టారు. ఒకదాని అంచు విరిగి ఉంది. వెనక ఖాకీ బట్టల్లో నలుగురు. వాళ్ల మధ్య, ముఖానికి తువ్వాలు చుట్టి, సెక్యూరిటీ యూనిఫాంలో ఒక మనిషి. చేతుల్లో కర్ర లేదు, అవి ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ముందు ముడుచుకుని ఉన్నాడు.

బొటనవేలి గుర్తు తీసేశాను. ఎంతమంది చూశారో తెలియదు.

ఆయన ఫోన్ స్విచాఫ్. ఎవరు ఫిర్యాదు చేశారో ఈ రోజుకీ తెలియదు. కారులో వచ్చినవాడో, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లో. సోమవారం ఆఫీసుకి వెళ్లి మేనేజర్‌కి జరిగిందంతా చెప్పాను. ఆయన లేచి గది తలుపు వేసి వచ్చాడు.

"మీరు వెళ్లి చెప్పడం మంచిదే అండీ. కానీ ఒక్కసారి లీగల్ వాళ్లతో మాట్లాడనివ్వండి. వన్యప్రాణుల పటం చేసే కంపెనీ ఉద్యోగి చెప్తేనే ఒకతను తాబేళ్లు పట్టాడని పేపర్లో వస్తే, పటం మీద నమ్మకం పోతుంది. దేశానికి పనికొచ్చే పని. ఒక్క నాలుగు రోజులు ఆగండి."

ఆగాను. ఆయన ఆపాడని ఆగలేదు, నాకు భయమేసి ఆగాను. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఊరికి పోయి ఆ కాలేజీ గేటు ముందు నిలబడాలి. కేసులో నా పేరూ చేరితే ఏమవుతుందని ఫోన్‌లో వెతుక్కున్నాను. కనీసం మూడేళ్ల జైలు అని చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను.

గురువారం కాపలా ఆయన భార్య ఆఫీసుకి వచ్చింది. బకెట్, తుడుపుకర్ర పట్టుకుని ఎప్పటిలాగే మా వరస తుడుస్తూ వచ్చింది. నా సీటు దగ్గరికొచ్చాక ఆగకుండా పక్క వరసకి పోయింది. వెనకాలే లేచి వెళ్లాను. ప్యాంట్రీలో ఎవరూ లేరు.

"అక్కా" అన్నాను.

"అక్కనా? ఎవరికి?" ఆమె నన్ను చూడలేదు. బకెట్‌లో గుడ్డ పిండుతోంది. "నువ్వే గద ఏరి పెట్టమన్నది. నా ముందటనే ఫోన్ల మాట్లాడిండు. వద్దు, మనకెందుకు అని నేను మొత్తుకున్న. చదువుకున్న బిడ్డ చెప్పింది, గిట్ల ఎందుకైతది అన్నడు."

"నేను వెళ్తానక్కా. వెళ్లి చెప్తాను."

"ఇగ ఎప్పుడు? నాలుగు దినాలాయె." అప్పుడు తలెత్తి చూసింది. "ఆడ ఎవరు చెప్తే పెట్టినవని అడిగిండ్రంట. నా అంతల నేనే పెట్టిన అన్నడంట. నీ పేరు చెప్తే నీ కొలువు పోతదని. జైల్ల ములాఖత్‌కు పోతే నాతోని చెప్పిండు. ఆ పిల్లను ఏమనకు అని గూడ చెప్పిండు. అందుకే అంటలేను."

బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. ప్యాంట్రీలో కాఫీ మిషిన్ దగ్గర కొంతసేపు నిలబడ్డాను. ఎవరో వచ్చి పక్కకి జరగమన్నారు.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లాను. ఒక పేజీలో అంతా రాసి తీసుకెళ్లాను. ఆఫీసర్ నా వయసువాడే. రాత్రి నిద్రలేని కళ్లు. చదివి కాగితం బల్ల మీద పెట్టాడు.

"మీకు చట్టం తెలుసు కదా మేడం. ఒక ఫోన్ చేస్తే మేమే వచ్చేవాళ్లం."

"చేశాను సార్. దరఖాస్తు ఇమ్మన్నారు."

"ఇచ్చారా?"

"లేదు."

"మళ్లీ ఫోన్ చేశారా?"

"లేదు సార్."

ఆయన నా కాగితంలో తేదీలు మళ్లీ చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి ఆ స్థలం సంగతేంటి సార్? ఈ ఏడు తాబేళ్లూ కాక ఇంకా ఎన్నో ప్రాణులుండేవి అక్కడ. తీతువు గుడ్లు పెట్టి ఉంది. వాటిని తొక్కించినవాళ్ల మీద ఏ కేసూ లేదా?"

"అది అటవీ భూమి కాదు మేడం, ప్రైవేటు స్థలం. అన్ని అనుమతులూ ఉన్నాయి. మాక్కూడా కాపీ వచ్చింది" అంటూ బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు. పేజీలు తిప్పి నా ముందుకు జరిపాడు. స్థలం చుట్టూ ఎర్ర గీత గీసిన పటం ముక్క. ఆ గీత లోపలంతా లేత పసుపు. కింద "వన్యప్రాణి ప్రాముఖ్యం: తక్కువ" అని ఉంది. దాని పక్కన ఆధారం అని మా పటం పేరు.

"చూశారా. దేశం మొత్తానికి చేసిన పటం అది. దాంట్లో లేనప్పుడు మేమేం చేస్తాం?" అన్నాడు.

ఆ పటం మాదేనని, ఆ రంగు వేసింది నేనేనని చెప్పాను. ఆయన నన్నూ ఫైలునీ మార్చి మార్చి చూసి, మెల్లగా ఫైలు మూసేశాడు. నా కాగితం తీసుకున్నట్టు ముద్ర వేసి కాపీ ఇచ్చాడు. బయటికి వచ్చేటప్పుడు తాబేళ్లు ఎలా ఉన్నాయని అడిగాను. కేసు సొత్తు కింద వాటిని సంరక్షణ కేంద్రానికి పంపామని, చిన్నవి రెండు చనిపోయాయని చెప్పాడు. మిగతావి కేసు తేలేదాకా అక్కడే ఉంటాయట. కేసు తేలాక ఎక్కడ వదులుతారని అడగబోయి ఆగిపోయాను. వదలడానికి ఆ చోటు లేదు.

కాపలా ఆయనకి వకీలుని నేనే పెట్టాను. పంతొమ్మిది రోజుల తర్వాత బెయిలు వచ్చింది. జైలు గేటు బయట ఆయన భార్య, నేను చెరో పక్కన నిలబడ్డాం. బయటికి వచ్చి నన్ను చూసి, "నువ్వెందుకొచ్చినవమ్మా, ఆఫీసు లేదా" అన్నాడు. గడ్డం తెల్లగా పెరిగింది. ఆయన అడిగిన రెండో మాట తాబేళ్ల గురించి. రెండు పోయాయని చెప్పాను. "చిన్నయేనా?" అన్నాడు. తల ఊపాను.

కేసున్న మనిషికి సెక్యూరిటీ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. రేకుల గది అప్పుడే కూల్చేశారు కాబట్టి ఉండడానికి చోటూ పోయింది. ఇప్పుడు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇనుప ముక్కలు మోస్తున్నాడు. కిరాయి గది అక్కడే. ఆమె మా ఆఫీసు మానేసి అటువైపు ఏదో కంపెనీలో ఊడుస్తోంది. కొత్త నంబర్ నాకు ఇవ్వలేదు. ఆయన ఇచ్చాడు.

నా ఉద్యోగం పోలేదు. లీగల్ వాళ్లు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అదంతా నా సొంత వ్యవహారమని, కంపెనీకి సంబంధం లేదని. పెట్టాను. బూడిద రంగు మళ్లీ తేవాలని వరసగా నాలుగు మెయిళ్లు పెట్టాను. నాలుగో దానికి మేనేజర్ నా సీటు దగ్గరికే వచ్చి, "మీ బాధ నాకు తెలుసండీ, పైవాళ్లతో మాట్లాడుతున్నాను" అన్నాడు. మాట్లాడాడనే అనుకుంటాను. రంగు మాత్రం మారలేదు. ఒరిస్సాలో ఒక గని, రాజస్థాన్‌లో ఒక రోడ్డు, ఇలా ఎక్కడి ఫైళ్లలోనో ఆ లేత పసుపు ముక్కలు అతికించి ఉంటాయి. వాటి లోపల ఏమున్నాయో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు.

వానాకాలం ముగిసేటప్పుడు నా ఆదివారాల రికార్డులకి వంతు వచ్చింది. నిపుణుడు అన్నిటినీ ఒప్పుకున్నాడు. మా భవనం వెనక గడి ఒక్క రోజులో ముదురు ఆకుపచ్చ అయింది. "చాలా విలువైన స్థలం, తక్షణం కాపాడాలి" అని కింద రాశాడు. ఆయన దెహ్రాదూన్‌లో ఉంటాడు, ఎన్నడూ ఇటు వచ్చినవాడు కాదు. అప్పటికి అక్కడ నాలుగంతస్తుల లోతు గొయ్యి తవ్వారు. గుండ్లని పగలగొట్టి లారీల్లో తీసుకుపోయారు. ఊట నీళ్లు పైకి రాకుండా మోటార్లతో తోడుతూనే ఉన్నారు.

కేసు నడుస్తోంది. వాయిదా వచ్చినప్పుడల్లా ఆయన ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తాడు. నేనూ వెళ్తాను. పోయిన వాయిదాకి వకీలు మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్లి చెప్పాడు. రేంజ్ ఆఫీసులో ఇచ్చిన కాగితం ఒక్కటే కోర్టులో చాలదు, ఈయన తరఫు సాక్షిగా నేను బోనెక్కి, ఏరి పెట్టమన్నది నేనేనని చెప్పాలి. అలా చెప్తే నన్ను కూడా ముద్దాయిగా చేర్చే అవకాశం ఉంది. ఆలోచించుకుని చెప్పండి అని వెళ్లిపోయాడు.

మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆయన అరచేతుల మీద ఇనుము కోసిన గీతలున్నాయి.

"వద్దులే అమ్మా. ఒక్కడు చాలడా" అన్నాడు.

"చెప్తానన్నా. చెప్పే తీరతాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపం లేదు. నమ్మకం ఉందో లేదో కూడా తెలియలేదు. సోమవారం తప్పకుండా అని నేను చెప్పిన శుక్రవారం ఆయనకి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. లోపలి నుంచి జడ్జి సెలవని, వచ్చే నెలకి వాయిదా అని కబురు వచ్చింది. ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు.

"మధ్యాహ్నం షిఫ్టుకన్న అందుకుంట. సగం దినం కూలన్న వస్తది" అని మెట్లు దిగి బస్టాపు వైపు గబగబా నడిచాడు.